ముందు ఆకురాయి కొనండి

ఇంట్లో కత్తి చేసుకోవాలన్న కోరిక పుట్టగానే చూపు గ్రైండర్ల మీదికి పోతుంది. వంటింట్లో నిలబడే ఒక మంచి కత్తికి కావాల్సిన పనిముట్లు మాత్రం ఒక బియ్యం సంచిలో పట్టేస్తాయి. ఏది ముందు కొనాలి? దేనికి ఆగాలి? ఎక్కడ రూపాయి కూడా మిగుల్చుకోకూడదు?

"ఆకురాయి ఉందా?" అని అడిగితే కౌంటర్ దగ్గరి కుర్రాడు తెల్లమొహం వేశాడు. లోపల చిట్టా రాసుకుంటున్న పెద్దాయన తలెత్తకుండానే "ఫైలురా, సారు ఫైలు అడుగుతున్నడు" అన్నాడు. తర్వాత నావైపు తిరిగి "ఏం పనికి సార్?" అని అడిగాడు. కత్తి చేద్దామనుకుంటున్నానని చెప్పాను. నిజానికి ఆ రోజు నేను వెళ్లింది యాంగిల్ గ్రైండర్ ధర కనుక్కుందామని. ఆకురాయి నా జాబితాలో ఆఖరిది. ఆయన గ్రైండర్ చూపించలేదు. పన్నెండంగుళాల ఆకురాయి ఒకటి కాగితంలోంచి విప్పి తీసి, "దీంతోని ఒక కత్తి చెయ్యండి. అయినంక మిషన్ కావాలనిపిస్తే అప్పుడు రండి" అన్నాడు.

అమ్ముకునే మనిషే వద్దన్నాడు కాబట్టి ఆ మాట మనసులో నిలిచిపోయింది. ఆ తర్వాత నేను చేసిన కత్తులన్నీ ఆయన మాటే నిజమని చెప్పాయి.

కత్తులు చేయడం ఇప్పుడు చాలామందికి ఇష్టమైన వ్యాపకం. 2015లో అమెరికాలో 'ఫోర్జ్‌డ్ ఇన్ ఫైర్' అనే టీవీ పోటీ మొదలయ్యాక ఈ ఇష్టం దేశాలు దాటింది. మన ఊళ్లలోనూ ఇంజినీరింగ్ పిల్లలు, ఉద్యోగస్తులు, రిటైరైన పెద్దలు బాల్కనీల్లో, పెరళ్లలో ఉక్కు పట్టీలు ముందేసుకుని కూర్చుంటున్నారు. వాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ఏ మిషన్ కొనాలి? వీడియోల్లో కనిపించేవి నిప్పురవ్వలు, గిర్రున తిరిగే బెల్టులు కాబట్టి ఆ ప్రశ్న రావడం సహజం. అమెరికాలోనూ ఇదే జరిగింది. ఒరెగాన్ రాష్ట్రానికి చెందిన వేన్ గొడార్డ్ అనే పేరుమోసిన కత్తుల పనివాడు, యాభై డాలర్లతో కత్తుల కార్ఖానా పెట్టుకోవచ్చని ఒక పుస్తకమే రాశాడు. పాత సామాన్లతో, చేతి పనిముట్లతో మొదలుపెట్టమని ఆయన చెప్పాడు.

నేను చెప్పేదీ అదే, కాకపోతే మన బజారు లెక్కలో. చేతిలో ఉన్న డబ్బులో మొదటి వాటా పేరు తెలిసిన ఉక్కుకు. రెండో వాటా కళ్లకు, ఊపిరితిత్తులకు. మూడోది ఆకురాయికి, వైస్‌కు. మిషన్‌కు ఏమైనా మిగిలితే అది వచ్చే ఏడాది సంగతి.

కొట్టడమా, అరగదీయడమా

కత్తికి రెండు దారులున్నాయి. ఉక్కును ఎర్రగా కాల్చి, సమ్మెటతో సాగగొట్టి ఆకారం తేవడం ఒకటి. పట్టీ మీద బొమ్మ గీసుకుని, అక్కర్లేని లోహాన్ని కోసి, అరగదీసి తీసేయడం ఇంకొకటి. మొదటిదానికి దాగలి కావాలి. సుత్తెలు, పట్టకార్లు, తిత్తి, బొగ్గు కావాలి. ఆ చప్పుడు అపార్టుమెంటులో కుదరదు. రెండోదానికి గట్టి బల్ల ఒకటి ఉంటే చాలు.

కొట్టిందే అసలైన కత్తి, అరగదీసింది కాదు అనే మాట వింటుంటాం. ఆ మాటలో పస లేదు. వేట కత్తులకు ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న అమెరికన్ బాబ్ లవ్‌లెస్ అరగదీసే పద్ధతిలోనే తన కత్తులు చేశాడు. సమ్మెట పని గొప్ప విద్య, అందులో సందేహం లేదు. కానీ కత్తి నాలుగు రోజులు పదును నిలుపుకుంటుందా లేదా అన్నది ఏ ఉక్కు తెచ్చారు, దాన్ని ఎలా కాల్చి చల్లార్చారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. మొదటి కత్తికి మీ ధ్యాసంతా ఈ రెంటి మీదే ఉండాలి. అందుకే అరగదీసే దారి పట్టమంటాను.

ఎప్పటికైనా దాగలి కావాలనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. విదేశీ వీడియోల్లో రైలు పట్టా ముక్కను దాగలిగా వాడుకోమని చెబుతుంటారు. మన దగ్గర రైల్వే ఆస్తిని అక్రమంగా దగ్గర ఉంచుకోవడం 1966 నాటి చట్టం ప్రకారం నేరం. తుక్కు దుకాణంలో ఆ ముక్క ఎక్కడినుంచి వచ్చిందో మీకు తెలియదు. పాత సమ్మెట తల ఒకటి కొని, గట్టి మొద్దులో దిగేయండి. చిన్న పనులకు అది సరిపోతుంది.

పేరు తెలిసిన ఉక్కు

నా మొదటి కత్తి కత్తి కాలేదు. పాత ఇనుము దుకాణంలో కిలో లెక్కన ఒక పట్టీ కొన్నాను. రెండు వారాలపాటు సాయంత్రాలన్నీ దానిమీదే. ఆకారం వచ్చింది, అంచు వచ్చింది, మా ఇంట్లోవాళ్లు చూసి మెచ్చుకున్నారు కూడా. ఎర్రగా కాల్చి నూనెలో ముంచాను. సరిగ్గా గట్టిపడిన ఉక్కు మీద ఆకురాయి పెట్టి తోస్తే గాజు మీద జారినట్టు జారాలి. నాది కొరుక్కుపోయింది. మళ్లీ కాల్చాను, మళ్లీ ముంచాను. మళ్లీ కొరుక్కుపోయింది. అది ఎమ్మెస్, అంటే మన గేట్లకు, కిటికీ చువ్వలకు వాడే మెత్తని ఇనుము. ఎన్నిసార్లు కాల్చినా అది కత్తి కాదు.

తేడా అంతా కార్బన్‌లో ఉంది. ఎమ్మెస్‌లో కార్బన్ పావు శాతం కూడా ఉండదు. కత్తికి కనీసం అర శాతం దాటాలి, 0.75 నుంచి 0.85 మధ్య ఉంటే కొత్తవాళ్లకు అన్నిటికంటే సుళువు. ఉక్కు షాపుల్లో 'ఈఎన్' నంబర్లతో అమ్ముతారు. ఈఎన్8లో కార్బన్ సుమారు 0.4 శాతం. షాఫ్టులకు బావుంటుంది, కత్తికి చాలదు. ఈఎన్9లో 0.55 దాకా ఉంటుంది, కొడవలికి ఫరవాలేదు. ఈఎన్45 స్ప్రింగు ఉక్కు, దెబ్బకు ఓర్చుకుంటుంది. కాబట్టి కొమ్మలు నరికే కత్తులకు మంచిది. ఈఎన్31 బేరింగుల ఉక్కు. ఒక శాతం కార్బన్, దానికి తోడు క్రోమియం. దీంతో అద్భుతమైన వంటకత్తి వస్తుంది. అయితే ఆ క్రోమియం కారణంగా ఉక్కును ఒకే వేడి దగ్గర కొన్ని నిమిషాలు కదలకుండా నిలపాలి. బొగ్గు కుంపటిలో ఆ నిలకడ దొరకదు. మొదటి కత్తికి వద్దు.

నా ఓటు 1075, 1080, 1084 అనే నంబర్లతో దొరికే సాదా కార్బన్ ఉక్కుకే. ఆ నంబరులోని చివరి రెండంకెలు కార్బన్ ఎంతో చెబుతాయి. 1084 అంటే దాదాపు 0.84 శాతం. వంటకత్తికి రెండు, రెండున్నర మిల్లీమీటర్ల మందం చాలు. తోట పనికి మూడు. అంతకంటే మందం పట్టీ తెచ్చుకుంటే ఆకురాయితో అరగదీయడానికి మీ ఓపిక అయిపోతుంది. హైదరాబాద్ బాలానగర్, విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల అడగాల్సింది "గట్టి ఇనుము" అని కాదు, నంబరు. నంబరు చెప్పలేని షాపులో కొనకండి.

మరి కమాన్ పట్టీ మాటేమిటి? మన కమ్మరులు తరాలుగా లారీ కమాన్ పట్టీలతోనే గొడ్డళ్లు, కొడవళ్లు, కత్తిపీటలు చేస్తున్నారు కదా అని చాలామంది అడుగుతారు. నిజమే, ఆ పనిముట్లు గట్టివి. కానీ కమ్మరి ఆ పట్టీని రోజూ చేతిలో పట్టుకుంటాడు. ఎంత కాగితే ఎలా ఒంగుతుందో, ఏది ముక్కవుతుందో ఆయన చేతికి తెలుసు. మనకు తెలియదు. పైగా లక్ష గుంతల మీద ఊగిన పట్టీలో కంటికి కనపడని పగుళ్లు ఉండొచ్చు. నెల రోజులు అరగదీసి నూనెలో ముంచిన క్షణాన 'టిక్' మని చప్పుడు వస్తే ఆ బాధ చెప్పనలవి కాదు.

చూసి ఉక్కును పోల్చుకోవడం ఎంత కష్టమో తెలియాలంటే మన తెలంగాణ ఉక్కు కథే చాలు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మట్టి మూసల్లో ఉక్కు కాచేవారు. 1832లో అచ్చయిన వ్యాసంలో హెన్రీ వాయ్సే అనే ఆంగ్లేయ వైద్యుడు ఆ పద్ధతిని వర్ణించాడు. పర్షియా వర్తకులు ఆ ఉక్కు కోసం అక్కడిదాకా వచ్చేవారని కూడా రాశాడు. ఆ ఉక్కునే యూరప్‌లో 'ఊట్జ్' అన్నారు. మన 'ఉక్కు' అన్న మాటే అలా మారిందని పండితుల అభిప్రాయం. ఒక కమ్మరి కొడుకు, తర్వాత విద్యుత్ శాస్త్రంలో మహానుభావుడైన మైకేల్ ఫారడే 1819లో ఈ ఊట్జ్‌ను పరీక్షించాడు. దాని గొప్పతనం అందులోని అల్యూమినా, సిలికాల వల్ల వచ్చిందనుకున్నాడు. అసలు కారణం ఎక్కువ పాళ్లలో ఉన్న కార్బన్, అది లోపల సర్దుకున్న తీరు. ప్రయోగశాలలో కూర్చున్న ఫారడేకే చిక్కని రహస్యం తుక్కు కుప్ప ముందు నిలబడ్డ మనకు చిక్కుతుందా? నంబరు రాసున్న పట్టీ కొనమని అందుకే ఇంతగా చెబుతున్నాను.

ముందుకు తోస్తేనే కోస్తుంది

ఇప్పుడు ఆకురాయి. మూడు చాలు. పన్నెండంగుళాల చదును 'బాస్టర్డ్' ఒకటి, ఎక్కువ లోహం తీసేది ఇదే. పదంగుళాల 'సెకండ్ కట్' ఒకటి, మొదటిది వదిలిన గీతలు చదును చేయడానికి. పిడి దగ్గరి వంపులకు అరగుండ్రం ఒకటి. జేకే లాంటి పేరున్న కంపెనీవి ఏ ఊరి హార్డ్‌వేర్ షాపులోనైనా దొరుకుతాయి. పేరులేని చవక రకం తెస్తే పది నిమిషాల్లో పళ్లు అరిగిపోతాయి.

కొన్న వెంటనే చేయాల్సిన పని దానికి చెక్క పిడి తొడగడం. వెనకవైపు మొనతేలిన తోకను అలాగే వదిలేసి పని చేస్తే ఏదో ఒక క్షణాన అది అరచేతిలో దిగుతుంది. ఆకురాయి ముందుకు తోసినప్పుడే కోస్తుంది. వెనక్కి లాగేటప్పుడు పైకెత్తాలి. రెండువైపులా రుద్దితే పళ్లు మొండిబారతాయి. కోసిన చోట వేలితో తడమకండి. వేలి జిడ్డు అంటితే ఆకురాయి జారుతుంది. పళ్ల మధ్య సుద్దముక్క రుద్దితే ఇనుప రజను ఇరుక్కోదు. అప్పుడప్పుడూ వైరు బ్రష్‌తో దులపండి. ఇంత చిన్న సంగతులు ఎందుకంటే, ఇవి తెలియకే చాలామంది "ఆకురాయితో కాదు బాబూ" అని విసిగిపోయి మిషన్ వైపు వెళ్తారు.

ఆకురాయి పట్టుకున్నవాళ్లకు వైస్ రెండో చేయి. నాలుగంగుళాల బెంచి వైస్ తీసుకోండి. బల్ల బరువుగా ఉండాలి, లేకపోతే తోసిన ప్రతిసారీ బల్లే కదులుతుంది. వైస్ దవడలు మీ మోచేతి ఎత్తులో ఉండాలి. దానికంటే కిందుంటే గంటలో నడుం పట్టేస్తుంది. దవడలకు అల్యూమినియం రేకు ముక్కలు తొడిగితే కత్తి మీద గాట్లు పడవు.

పట్టీ మీద ఆకారం కోయడానికి హాక్సా. కోసే మందంలో కనీసం రెండు మూడు పళ్లు ఆనుకుని ఉండాలన్నది లెక్క. మూడు మిల్లీమీటర్ల పట్టీకి అంగుళానికి 24 పళ్ల బ్లేడు, రెండు మిల్లీమీటర్లదానికి 32 పళ్ల బ్లేడు బిగించండి. పళ్లు ముందువైపు చూడాలి.

ఆకారం వచ్చాక అంచు సరిగ్గా నడిమధ్యకు రావడమే అసలు పరీక్ష. దీనికి ఖరీదైన పరికరాలు అమ్ముతారు. నాకు బాగా నచ్చిన ఉపాయం ఒక డ్రిల్లు బిట్టుతో అయిపోతుంది. మీ పట్టీ మందం మూడు మిల్లీమీటర్లయితే మూడు మిల్లీమీటర్ల బిట్టునే తీసుకోండి. పట్టీని, బిట్టును నున్నని గ్రానైట్ ముక్క మీద పడుకోబెట్టండి. అంచుకు ముందే మార్కర్ పూసి ఉంచితే, బిట్టు మొనతో గీసిన గీత దాదాపు మధ్యన పడుతుంది. పట్టీని తిప్పేసి ఇంకోసారి గీయండి. రెండు గీతల నడుమ సందే మీ అంచు. అటునుంచి, ఇటునుంచి ఆ గీతల దాకా మాత్రమే అరగదీయాలి.

ఆ వాలు తీయడానికి నాకు ఒక్కో కత్తికి ఆరేడు గంటలు పడుతుంది. గ్రైండర్ అదే పని అరగంటలో చేస్తుంది. అదే అరగంటలో, ఒక్క క్షణం చేయి వణికితే, గుంత కూడా చేస్తుంది. ఆకురాయి తప్పు నిదానంగా చేస్తుంది కాబట్టి మధ్యలో ఆపుకోవచ్చు. చేతికి వాలు అంటే ఏమిటో తెలియడానికి ఆ ఆరేడు గంటలూ కావాలి.

అంచును ఈ దశలోనే పదును దాకా తీసుకెళ్లకండి. అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు దాకా మందం వదలాలి. పల్చటి అంచు మంటలో వంకర తిరుగుతుంది, పగులుతుంది. పిడి రివిట్లకు కన్నాలు కూడా ఇప్పుడే వేసేయాలి. ఉక్కు గట్టిపడ్డాక మామూలు బిట్టు దిగదు. డ్రిల్లు చేసేటప్పుడు పట్టీని చేత్తో పట్టుకోవద్దు, క్లాంపు బిగించాలి. బిట్టు ఇరుక్కుంటే ఆ పట్టీ చేతిలో ఫ్యాను రెక్కలా తిరుగుతుంది.

కళ్లు, ఊపిరితిత్తులు

ఇక్కడ రూపాయి కూడా మిగుల్చుకోవద్దు. మామూలు కళ్లజోడు చాలదు, పక్కలు మూసి ఉండే గాగుల్స్ కావాలి. ఆకురాయి పనికీ, ఎమరీ పేపరు పనికీ ఎన్95 మాస్కు తప్పనిసరి. గ్రైండర్ దాకా వెళ్తే ఫిల్టర్లు మార్చుకునే రెస్పిరేటర్ కొనాలి. ఉక్కు ధూళి ఎంత చెడ్డదో పిడి కోసం అరగదీసే చెక్క ధూళి కూడా అంతే చెడ్డది. ఈ నష్టం ఆ రోజు కనిపించదు. అందుకే జనం పట్టించుకోరు.

తిరిగే మిషన్ దగ్గర చేతి తొడుగులు వేసుకోకూడదు, వాటితోపాటే వేళ్లనూ లాగేస్తుంది. లుంగీ, చున్నీ, మెడలో గొలుసు ఏవీ ఉండకూడదు. మంట దగ్గర నూలు బట్టలు, మూసిన బూట్లు. యాంగిల్ గ్రైండర్‌కు గార్డు తీసేసి వాడటం మన వెల్డింగ్ షాపుల్లో రోజూ చూస్తుంటాం. కోత బిళ్ల పగిలితే ముక్కలు బుల్లెట్లలా వస్తాయి. మీరు మాత్రం ఆ గార్డు తీయకండి.

ఇంకొక్కటి. ఉక్కు కాల్చే పొయ్యికి గాలి పంపడానికి జీఐ పైపు వాడకండి. దానిమీది జింకు పూత కాలి పొగై ఊపిరితిత్తుల్లోకి పోతే చలిజ్వరం వచ్చినట్టు ఒళ్లు వణికిపోతుంది. నల్ల పైపే వాడాలి.

పదును అంటే

తెలుగులో పదును అన్న మాట కత్తికి, నేలకు రెంటికీ ఉంది. వాన పడ్డ రెండో రోజు రైతు మట్టి పిడికిట పట్టి "నేల పదును మీదుంది" అంటాడు. మరీ బురద కాదు, మరీ బెట్ట కాదు, నాగలి దిగే అదును అది. ఉక్కుకూ అంతే. మరీ గట్టిదైతే అంచు పెళుసుబారి రాలుతుంది. మరీ మెత్తదైతే మడత పడుతుంది. ఆ రెంటి మధ్య చోటు పట్టుకోవడమే కత్తి పనిలో అసలు విద్య. దానికి కావాల్సిన పనిముట్లు ఆశ్చర్యపోయేంత తక్కువ.

పాత ఇనుప బకెట్టు ఒకటి. లోపల బంకమట్టి, ఇసుక కలిపి మందంగా మెత్తి, ఆరనివ్వాలి. పక్కన ఒక కన్నం చేసి నల్ల పైపు దూర్చి, దాని రెండో కొనకు పాత హెయిర్ డ్రయ్యర్ పెడితే తిత్తి సిద్ధం. కట్టె బొగ్గు వేయండి. ఇది ఆరుబయట చేసే పని. మూసిన గదిలో బొగ్గు మంట ప్రాణం తీస్తుంది. బకెట్టును గచ్చు మీద పెట్టకండి, వేడికి సిమెంటు పేలి ముక్కలు ఎగురుతాయి. మట్టి నేల మీద ఇటుకలు పరిచి పెట్టండి.

వేడిని కొలిచే పనిముట్టు పాత స్పీకరులోని అయస్కాంతం. ఇనుము సుమారు 770 డిగ్రీల సెంటిగ్రేడ్ దగ్గర అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. 1084 ఉక్కుకు కావాల్సింది దాదాపు 815 డిగ్రీలు. అంటే అయస్కాంతం వదిలేశాక ఇంకొంచెం. ఎరుపులో నారింజ ఛాయ తొంగి చూడాలి. అంతకు మించి పసుపులోకి పోనిస్తే లోపలి రేణువులు లావెక్కి కత్తి పెళుసవుతుంది. ముంచడానికి ముందు రెండు మూడుసార్లు ఈ ఎరుపుకు తెచ్చి గాలికే చల్లారనిస్తే ఆ రేణువులు సన్నబడతాయి. ఓపికున్నవాళ్లు తప్పక చేయాలి.

ఈ రంగు చదవడం నాకు నేర్పింది మా అమ్మమ్మ ఊళ్లోని కమ్మరి తాత. నేను పెరట్లో మిట్టమధ్యాహ్నం మంట పెట్టుకుని ఎరుపు కోసం వెతుక్కుంటున్నానని చెబితే, ఆయన తన కొలిమి పాకలోకి పిలిచాడు. "ఎండల చూస్తే ఇనుము మోసం చేస్తది బిడ్డా. నీడకు రా" అన్నాడు. కొలిమి పాకకు కిటికీలు ఎందుకుండవో, లోపల ఎప్పుడూ మసక ఎందుకో ఆ రోజు అర్థమైంది. ఎండలో ఎరుపు కనిపించేసరికి ఉక్కు అప్పటికే దాటిపోయి ఉంటుంది. సాయంత్రం, దీపాలు పెట్టే వేళ ఈ పని చేయండి.

ముంచడానికి వేరుశనగ నూనె చాలు. మూడు, నాలుగు లీటర్లు, కత్తి నిలువునా మునిగేంత ఎత్తున్న స్టీలు డబ్బాలో. ప్లాస్టిక్ పనికిరాదు. నూనెను ముందే 50, 60 డిగ్రీలకు వెచ్చబెట్టాలి. వెచ్చటి నూనె పల్చబడి వేడిని వేగంగా లాక్కుంటుంది. కత్తిని మొన కిందకు పెట్టి నిలువునా దించండి, పక్కలకు ఊపకండి, వంకరపోతుంది. నూనె మీద మంట లేస్తుంది, కంగారు పడకూడదు. డబ్బా మూత చేతికందే దూరంలో ఉండాలి. మంట పెరిగితే మూత వేసేయాలి. నీళ్లు మాత్రం చల్లకూడదు. కమ్మరి తాత కొడవలిని నీళ్లలోనే ముంచుతాడు కదా అంటే, ఆయన అంచు మేరకే ముంచి తీస్తాడు. ఆ లెక్క ఆయన చేతిలో ఉంది. కొత్త చేతికి నీళ్లంటే పగులే.

బయటికి తీశాక ఆకురాయితో గీసి చూడండి. జారితే గెలిచినట్టు. అయితే ఆ కత్తి ఇప్పుడు గాజులాంటిది, కింద పడితే ముక్కలైపోతుంది. ఆలస్యం చేయకుండా కడిగి, ఇంట్లో కేకులు చేసుకునే ఓటీజీలో 200 డిగ్రీల దగ్గర గంట ఉంచి, చల్లార్చి, మళ్లీ గంట ఉంచాలి. ఓవెన్ మీద రాసిన అంకెను నమ్మకండి. లోపల పెట్టే థర్మామీటరు ఒకటి కొనండి, ట్రేలో ఇసుక పోసి దానిమీద కత్తి పెట్టండి. మెరుగుపెట్టిన ఉక్కు మీద లేత ఎండుగడ్డి రంగు వస్తే సరిపోయింది. నీలం కనిపిస్తే వేడి దాదాపు 300 డిగ్రీలకు పోయినట్టే. ఆ అంచు వంటింటికి మెత్తదైపోయింది, మళ్లీ మొదటినుంచి కాల్చుకోవాలి.

తర్వాత మిగిలేది ఎమరీ పేపరు, ఓపిక. 120తో మొదలుపెట్టి 220, 320, 400 దాకా వెళ్తే వంటకత్తికి చాలు. చదునైన గట్టి చెక్కకు చుట్టి రుద్దండి. నంబరు మారినప్పుడల్లా రుద్దే దిక్కు మార్చితే పాత గీతలు పోయాయో లేదో కంటికి తెలుస్తుంది.

పిడికి పరాయి చెక్కలు తెప్పించుకోవాల్సిన పని లేదు. నల్లతుమ్మ చేవ, చింత చేవ, జిట్రేగి మన పనిముట్లకు ఎప్పటినుంచో పిడులవుతున్నాయి. చేవ అన్నది ముఖ్యం, పైపొర తెల్లచెక్క నీళ్లకు ఉబ్బుతుంది. రెండు ముక్కలు, రెండు ఇత్తడి రివిట్లు, అరాల్డైట్, రెండు సి-క్లాంపులు. అంటించే ముందు ఉక్కును గరుకు చేసి థిన్నరుతో తుడవండి, ఒక రాత్రంతా కదపకండి. ఈ పనంతా అయ్యేదాకా అంచుకు టేపు చుట్టి ఉంచండి. చివరగా 1000 నంబరు సానరాయి మీద, ఒక్కోవైపు 15 నుంచి 20 డిగ్రీల వాలులో పదును పట్టించాలి. టమాటా మీద పెట్టి బరువు వేయకుండా లాగితే తోలు తెగాలి.

మిషన్లు, చట్టం

నాలుగైదు కత్తులు చేశాక కూడా ఇష్టం తగ్గకపోతే అప్పుడు మిషన్ గురించి ఆలోచించండి. ప్రపంచమంతా కత్తుల పనివాళ్లు వాడేది రెండంగుళాల వెడల్పు, 72 అంగుళాల పొడవు బెల్టు నడిచే గ్రైండర్. బెల్టులు ఆ కొలతలోనే ఎక్కువ రకాలు దొరుకుతాయి కాబట్టి ఆ కొలతే కొనాలి. చిన్న బెల్టు మిషన్ చవకని కొంటే ఏడాది తిరక్కుండా రెండోది కొనాల్సి వస్తుంది. యాంగిల్ గ్రైండర్ కోతకు పనికొస్తుంది, వాలు తీయడానికి పనికిరాదు.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. 1959 నాటి ఆయుధాల చట్టంలో ఆయుధం అన్న నిర్వచనం నుంచి ఇంటి పనికీ, వ్యవసాయానికీ మాత్రమే తయారైన వస్తువులను మినహాయించారు. కూరగాయల కత్తి, కొడవలి, కత్తిపీట చేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. బాకులు, ఖడ్గాలు చేయాలన్న సరదా పడొద్దు. అది లైసెన్సుల వ్యవహారం.

ఇంత చెప్పాక ఒక విన్నపం. ఆకురాయి కంటే ముందు, అసలు ఏదీ కొనకముందు, మీ దగ్గరలో ఇంకా మండుతున్న కొలిమి ఎక్కడుందో వెతకండి. వరికోత మిషన్లు వచ్చాక కొడవళ్ల పని తగ్గింది. చాలా ఊళ్లలో కొలిమి పాకలు తాళాలు పడి ఉన్నాయి. ఉన్నచోటికి వెళ్లి, ఒక సాయంత్రం కూర్చుని, ఎరుపు ఎలా నారింజలోకి తిరుగుతుందో చూడండి. ఏ వీడియో ఆ రంగును ఉన్నదున్నట్టు చూపించలేదు. అక్కడి కమ్మరికి ఆ పూట కూలి లెక్కగట్టి చేతిలో పెట్టండి. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో కమ్మరం ఒకటి. పనిముట్ల కోసం 15,000 రూపాయల దాకా ఇస్తారు, కామన్ సర్వీస్ సెంటర్‌లో నమోదు చేయించాలి. ఆయన పేరు అందులో ఉందో లేదో అడగండి. లేకపోతే ఆధార్ కార్డు తీసుకుని మీరే వెంట వెళ్లండి.